గొట్టం లేని గూడు



మీలో చాలామంది ఇళ్లలో గిజిగాడి గూడు ఒకటి ఉండే ఉంటుంది. వసారా దూలానికో, టీవీ పక్కన మేకుకో వేలాడుతూ. ఊరి నుంచి వస్తూ ఎవరో తెచ్చి ఇచ్చి ఉంటారు, పారెయ్యబుద్ధి కాక మీరు ఉంచేసి ఉంటారు. ఒక్కసారి దాన్ని గుర్తు చేసుకోండి. దానికి గొట్టం ఉందా? మధ్యలో ఉబ్బుగా పొట్ట, ఆ పొట్ట పక్క నుంచి కిందికి దిగే జానెడో మూరెడో గొట్టం ఉంటే సరే, అందులో ఒక సంసారం నడిచే ఉంటుంది. అలా కాకుండా బోర్లించిన బుట్టలాగా, అడుగున అడ్డంగా ఒక్క పట్టీతో ఆగిపోయి ఉందా? అయితే మీరు అపురూపంగా దాచుకున్నది ఎవరూ ఒప్పుకోని గూడు. దాన్ని కట్టినవాడు వారం రోజులు కష్టపడ్డాడు. చూడ్డానికి ఎవరూ రాలేదు. లేదా వచ్చి, లోపలికి తొంగి చూసి, వెళ్లిపోయారు.

ఈ తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. బడిపంతులుగా ముప్ఫై ఏళ్లు పిల్లలకు ఈ పిట్ట గురించి చెప్పాను. జాషువాగారు గిజిగాడి మీద రాసిన పద్యాలు రాగం తీసి చదివాను, దాని పనితనం చూసి నేర్చుకోండర్రా అని కూడా అన్నాను. అది పని చేస్తుంటే చెట్టు కింద కూర్చుని చూసింది మాత్రం రిటైరయ్యాకే.

మా ఊళ్లో పంటకాలువకు ఇవతల ఒక పాడునుయ్యి ఉంది. నీళ్లు తోడేవాళ్లు లేరు, పూడ్చేవాళ్లూ లేరు. దాని గట్టున పుట్టిన నల్లతుమ్మ ఒకటి నూతి మీదికి ఒరిగి పెరిగింది. మృగశిర కార్తె దాటి నాలుగు చినుకులు పడగానే ఆ తుమ్మ మీద సందడి మొదలవుతుంది. పక్కనే పాత మోటారు కొట్టు ఉంది, దాని గుమ్మంలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మా అబ్బాయి కొనిపెట్టిన బైనాక్యులర్స్ మెడలో తగిలించుకుని, వరసగా మూడు వానాకాలాలు కూర్చున్నాను. ఊళ్లో నాకు కొత్త పేరు కూడా పెట్టారని విన్నాను. అది రేడియోలో చెప్పేది కాదు.

ముందు పిట్టను చూద్దాం. ఊరపిచ్చుక అంత ఉంటుంది, పొడవు జానెడు కంటే తక్కువే. బరువు 25 గ్రాములకు అటూ ఇటూ. ఏడాదిలో సగానికి పైగా మగదీ ఆడదీ ఒకేలా ఉంటాయి, ఎండిన గడ్డి రంగులో, ఒంటి మీద గోధుమ రంగు చారలతో. చూసినవాళ్లు పిచ్చుక అనుకుని వెళ్లిపోతారు. వానలు దగ్గరపడేసరికి మగదానికి రంగు వస్తుంది. నెత్తి మీద, రొమ్ము మీద పసుపు ముద్ద రాసినట్టు నిగనిగలాడే పచ్చ, కళ్ల చుట్టూ బుగ్గల మీద మసి పూసినట్టు ముదురు గోధుమ నలుపు. ముక్కు కూడా నల్లబడుతుంది. నలుగు పెట్టుకుని పీటల మీద కూర్చోబోతూ పొయ్యిలో తొంగి చూసి వచ్చిన పెళ్లికొడుకులా ఉంటాడు. ఆడదానికి ఈ వేషం లేదు. దానికి అవసరం కూడా లేదు, ఎందుకో చెబుతాను.

శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో ఒక తమాషా ఉంది. 1766లో లిన్నేయస్ దీనికి పెట్టిన పేరులో ఫిలిప్పినస్ అన్న మాట ఉంది, ఫిలిప్పీన్స్ దీవుల పిట్ట అని అర్థం. ఆ దీవుల్లో ఈ పిట్టే లేదు. పాకిస్తాన్ నుంచి మన దేశం, శ్రీలంక, బర్మా మీదుగా జావా, సుమత్రా దాకా ఉంది గాని అక్కడ లేదు. తప్పు తెలిసినా, శాస్త్రం నియమం ప్రకారం ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. మన రేషను కార్డుల్లో పేర్లలాగే.

ఇక పని. దగ్గర్లో వరి నారుమడి ఉంది గనుక మా పాడునూతి గిజిగాళ్లు సరుకంతా అక్కడి నుంచే తెచ్చేవి. మగపిట్ట వచ్చి ఆకు అడుగున, కాడకు దగ్గరగా వాలుతుంది. ముక్కుతో ఆకు అంచున చిన్న గాటు పెడుతుంది. గాటు పడ్డ అంచును ముక్కున కరుచుకుని ఒక్క ఉదుటున పైకి ఎగురుతుంది. ఆకు నిలువునా చీలి, మూరెడు పోగు దాని వెంట వెళ్లిపోతుంది. ఆకు మిగతా భాగం చేలో అలాగే నిలబడి ఉంటుంది. కత్తెర లేదు, కొలత లేదు, చీలిక మాత్రం కొస దాకా ఒకే వెడల్పు. ఆ పోగు జానెడు ఉండవచ్చు, అంతకు రెండు మూడింతలూ ఉండవచ్చు. దాన్ని తోకలా వేలాడదీసుకుంటూ తుమ్మ దాకా ఎగిరి వస్తుంటే దూరానికి పచ్చ గాలిపటంలా కనిపించేది. తాటాకు, ఈతాకు, చెరకు ఆకు, రెల్లు, ఏది దగ్గరుంటే అది. ఒక గూడు పూర్తి కావడానికి ఇలాంటి రాకపోకలు 500 దాకా అవుతాయని లెక్క.

మొదట కొమ్మ చివర ఒక ముడి. కాలితో పోగు ఒక కొస నొక్కిపట్టి, రెండో కొసను ముక్కుతో కొమ్మ చుట్టూ తిప్పి, సందులోంచి దూర్చి, అవతలి వైపు నుంచి లాగుతుంది. ఒకటి మీద ఒకటి అలా చుట్టి చుట్టి కుచ్చులా అయ్యాక, అందులోంచి నిలువుగా ఒక వలయం కడుతుంది. ఈ వలయమే మొత్తం గూటికి ఆధారం. మనవాడు దానిలో కూర్చుని, దాన్ని వదలకుండా, ముక్కు అందినంత మేరా ముందుకొకసారి వెనక్కొకసారి అల్లుకుంటూ పోతాడు. మా చిన్నప్పుడు నులకమంచం అల్లే ముసలాయన మా ఇంటికి వచ్చేవాడు. ఆయనకు ముందే పట్టెలు ఉంటాయి, కోళ్లు ఉంటాయి, నులక వాటికి చుట్టుకుంటూ పోవడమే. గిజిగాడికి పట్టె అంటూ ఏదీ లేదు. తన ఒళ్లే పట్టె, తన మెడ చాచిన దూరమే కొలబద్ద. అందుకే గది గుండ్రంగా వస్తుంది.

ఇలా అల్లుతూ ఎనిమిది రోజులకు గూడు ఒక దశకు వస్తుంది. పైన కప్పు అయింది, పక్కలు సగం దిగాయి, అడుగు తెరిచే ఉంది, ఆ తెరుపు మధ్యన అడ్డంగా ఒక పట్టీ ఉంది. పక్షుల శాస్త్రం చదివినవాళ్లు దీన్ని హెల్మెట్ దశ అంటారు. గడ్డం కింది పట్టీతో సహా అచ్చం హెల్మెట్టే. ఇక్కడ పని ఆగిపోతుంది. నేను మొదటి ఏడు ఇది చూసి, పాపం ఏ కాకో పాము బుసో వీటిని బెదరగొట్టిందనుకున్నాను. చెట్టు నిండా సగం గూళ్లు, ప్రతి గూటి కింద ఒక పచ్చటి పిట్ట, ఏ పనీ లేకుండా.

మూడో రోజు పొద్దున్నే సంగతి తెలిసింది. ఎక్కడి నుంచో నాలుగు చప్పటి రంగు పిట్టలు వచ్చి తుమ్మ మీద వాలాయి. అంతే, చెట్టు చెట్టంతా పిచ్చెత్తినట్టయింది. మగపిట్టలన్నీ తమ తమ గూళ్లకు తలకిందులుగా వేలాడుతూ రెక్కలు టపటపా కొట్టుకోవడం, చిట్ చిట్ అంటూ మొదలుపెట్టి చివర చీ... అని దీర్ఘం తీయడం. ఒకడు మొదలుపెడితే అందరూ. ఆ నాలుగూ తొందరపడలేదు. ఒకటి ఒక గూట్లోకి దూరి, అడ్డపట్టీ మీద కూర్చుని, పైకప్పును ముక్కుతో రెండుసార్లు లాగి చూసి, బయటికొచ్చింది. పక్క గూడు. దాని పక్కది. మరొకటి ఒక గూటి దాకా వెళ్లి లోపలికి కూడా పోలేదు, పక్క కొమ్మ మీద నుంచే చూసి ఎగిరిపోయింది. ఆ గూటివాడు అది వెళ్లిన చాలాసేపటి దాకా రెక్కలు కొట్టుకుంటూనే ఉన్నాడు.

మన పెళ్లిచూపులకు సరిగ్గా తిరగేసిన తంతు. ఇక్కడ చూసేది ఆడపిల్ల, ఉప్మా పెట్టేది మగపిల్లవాడు.

ఒప్పుకుందనుకోండి, అప్పటికి గానీ మిగతా పని మొదలవదు. అడ్డపట్టీకి ఒక వైపున్న తెరుపును మూసేసి గుడ్లు పెట్టే గది చేస్తాడు, రెండో వైపు తెరుపును కిందికి సాగదీసి గొట్టం అల్లుతాడు. మధ్యలో పట్టీ గడపలా మిగులుతుంది, గాలికి గూడు ఊగినా గుడ్లు గొట్టంలోకి దొర్లిపోకుండా. మొదలు నుంచి చివర దాకా మొత్తం పద్దెనిమిది రోజుల పని. ఈలోగా ఆడపిట్ట లోపల మెత్తటి సరుకు పరుచుకుంటుంది. గొట్టం మాత్రం ఒప్పందం కుదిరినందుకు గుర్తు. అందుకే మీ ఇంట్లో గూటికి గొట్టం ఉందా అని అడిగాను.

ఆ తర్వాత కథ మన పాఠాల్లో ఉండదు. గొట్టం పూర్తవుతూండగానే మనవాడు పక్క కొమ్మకు వెళ్లి కొత్త ముడి వేయడం మొదలుపెడతాడు. ఇంకో గూడు, ఇంకో సంబంధం. అంతా కలిసొస్తే ఒక్క కాలంలోనే ఇద్దరు ముగ్గురు భార్యలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. రెండు నుంచి నాలుగు తెల్లటి గుడ్లు, వాటిని పొదిగేది తల్లి ఒక్కతే, దాదాపు పదిహేను రోజులు. పిల్లలకు మేత మోసేదీ ఎక్కువగా తల్లే, ఇంకో రెండున్నర వారాలు. తండ్రి అప్పుడప్పుడూ ఒక పురుగు తెచ్చి పడేస్తాడు, ఆ మాత్రానికే మురిసిపోవాలి. తను కట్టిన గూట్లో తను కాపురం ఉండడు. శ్రద్ధగా ఇల్లు కట్టుకున్న గృహస్థు అని నేను పిల్లలకు చెప్పిన మాట గుర్తొచ్చి, ఆ మోటారు కొట్టు గుమ్మంలో ఒంటరిగా సిగ్గుపడ్డాను.

ఇది మొదటిసారి సరిగ్గా చూసి రాసినవాడు సలీం అలీ. 1930లో ఆయన జర్మనీలో చదువు ముగించుకుని తిరిగొచ్చేసరికి బొంబాయిలో చేసే ఉద్యోగం లేదు, డబ్బులు లేవని ఆ పదవే తీసేశారు. భార్యతో కలిసి అలీబాగ్ దగ్గర కిహీం అనే సముద్రపు ఒడ్డు పల్లెకు చేరాడు. ఇంటి దగ్గర్లోనే గిజిగాళ్ల గుంపు గూళ్లు కట్టుకుంటోంది. వేరే పని లేదు గనుక ఆ వానాకాలమంతా వాటిని చూస్తూ గడిపాడు. ఏ గూడు ఏ మగపిట్టది, ఏ రోజు ఏ ఆడపిట్ట వచ్చింది అని రాసుకుంటూ పోతే, మగవాడు ఒకటి తర్వాత ఒకటి గూళ్లు కడతాడని, సగం గూడు చూశాకే ఆడది వచ్చి స్వాధీనం చేసుకుంటుందని తేలింది. 1931లో అది వ్యాసంగా అచ్చయింది. పక్షుల పెద్దాయనగా ఆయన పేరు నిలబెట్టిన పనుల్లో ఇది మొదటి వరసలోది. ఆ వెంటనే 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు గనుక, తెలుగు నేల మీది గిజిగాళ్లు కూడా ఆయనకు తెలిసినవే. ఉద్యోగం పోవడం ఒక్కోసారి ఎంత మేలు చేస్తుందో! నాకు ఆ అదృష్టం అరవై ఏళ్లకు పట్టింది.

సరే, ఆడపిట్ట ఏం చూసి ఒప్పుకుంటుంది? మనమందరం అల్లిక చూసి అనుకుంటాం. నేనూ అదే అనుకుని, మొదటి ఏడు గూళ్లకు మార్కులు వేశాను, అలవాటు చావదు కదా. అల్లిక బిగువుగా, పోగులు సన్నగా, గుండ్రంగా ఉన్నవాటికి ఎక్కువ మార్కులు. నేను నూటికి తొంభై వేసిన గూడు ఒకటి చివరిదాకా గొట్టం లేకుండానే ఉండిపోయింది. లావుపాటి పోగులతో, ఒక పక్క పీచు లేచిపోయి, నేను ముప్ఫై అయిదు మార్కులతో పాస్ చేసిన గూటికి వారంలో గొట్టం దిగింది. తేడా ఏమిటంటే, నా తొంభై మార్కుల గూడు గట్టు వైపు కిందికి ఉన్న కొమ్మకు ఉంది, మేకపిల్ల నిలబడితే అందేంత ఎత్తులో. ఆ రెండోది నూతి మధ్యకు, ఎత్తున, ముళ్ల కొమ్మల నడుమ వేలాడుతోంది.

సుహేల్ క్వాదర్ అనే పరిశోధకుడు ఈ విషయమే తీరిగ్గా లెక్కలు కట్టి చూసి 2006లో ప్రచురించాడు. ఆడపిట్ట మొదట చూసేది గూడు ఎక్కడుందన్నది, అల్లిక ఎలా ఉందన్నది ఆ తర్వాత. ఇల్లు కొనేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు, టైల్స్ ఏవైనా మార్చుకోవచ్చు, వీధి మార్చుకోలేం. కాకి, తొండ, పాము, ఎలుక, వీటిలో ఏదొచ్చినా నష్టపోయేది ఆమే. కింద నీళ్లు, చుట్టూ ముళ్లు, పట్టు దొరకని సన్నటి కొమ్మ చివర, దాని కింద వేలాడే జారుడు గొట్టం. ఇన్నీ దాటుకుని వచ్చే పాము లేదని కాదు, తక్కువ. గూళ్లు ఎక్కువగా చెట్టుకు తూర్పు వైపున ఉండడం కూడా గమనించారు. నైరుతి రుతుపవనాల గాలి పడమటి నుంచి కొడుతుంది గనుక చెట్టే అడ్డం నిలుస్తుంది. మా తుమ్మ మీద మూడేళ్లూ పడమటి కొమ్మలు ఖాళీగానే ఉండేవి.

ఇప్పుడు మిణుగురు పురుగుల సంగతి. గిజిగాడు గూట్లో తడిమట్టి ముద్దలు అంటించి, వాటికి మిణుగురులను గుచ్చి రాత్రిపూట దీపాలు పెట్టుకుంటుందని మన అమ్మమ్మలంతా చెప్పారు. ఈ మాట ఎంత పాతదంటే, 1790లో కలకత్తాలో అచ్చయిన ఏషియాటిక్ రిసెర్చెస్ రెండో సంపుటంలో ఢిల్లీ వాసి అతహర్ అలీ ఖాన్ రాసిన చిన్న వ్యాసంలోనే ఉంది. ఆయన అప్పుడే అనుమానం కూడా చెప్పాడు. ఆ వెలుతురుతో ఈ పిట్టకు పెద్ద పనేమీ ఉండదు, తినడానికి పట్టి తెస్తుందేమో అని. రెండు వందల ముప్ఫై ఏళ్లు దాటాయి, అనుమానం ఎవరికీ గుర్తులేదు, దీపాలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి.

దీపం అబద్ధమే గాని మట్టి నిజం. నేను చూశాను. రెండో ఏడు స్వాతి కార్తె గాలివానకు ఒక పాత గూడు నూతి గట్టున పడింది. ఇంటికి తెచ్చి, మర్నాడు పొద్దున్నే పాత పేపరు పరిచి విప్పడానికి కూర్చున్నాను. మా ఆవిడ దబ్బనం ఇచ్చింది. ఒక పోగు కొస పట్టుకుని లాగితే రాదు. అది వెళ్లి రెండో పోగు కింద దూరి, వెనక్కి మడత తిరిగి, మూడోదాని మీదుగా పోయి, మళ్లీ తన కిందికే వచ్చి బిగుసుకుంది. అది విప్పాలంటే ముందు ఇంకో నాలుగు విప్పాలి. అలా మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి కొమ్మ దగ్గరి కుచ్చులో సగం కూడా రాలేదు. చివరికి ఓపిక నశించి కత్తెరతో పొట్ట కోశాను. లోపలి గోడకు, పైకప్పు దగ్గర, రెండు పక్కలా మట్టి ముద్దలు ఎండి అతుక్కుని ఉన్నాయి, శనగబద్దలంత చిన్నవీ, వేలి కణుపంతవీ. గోరుతో గిల్లితే రాలేదు, పోగు లేచి వచ్చింది గాని మట్టి ఊడలేదు. గడ్డిపరకంత తేలికైన గూడు గాలికి ఎగిరెగిరి పడకుండా ఈ బరువు అని చెబుతారు. గూడు హెల్మెట్ దశలో ఉన్నప్పుడే మగపిట్ట దీన్ని తెచ్చి మెత్తుతుంది. మిణుగురు రెక్క ఒక్కటి కూడా లేదు. ఆ సంగతి మా మనవరాలికి చెబితే, ఎవరో ముందే లైట్లు ఆర్పేశారు తాతయ్యా అంది.

ఆ అతహర్ అలీ ఖానే ఇంకో సంగతి రాశాడు. ఆ రోజుల్లో ఈ పిట్టను పెంచి ఆటలు నేర్పేవారట. లోతైన నూతిలోకి ఉంగరం జారవిడిచి సైగ చేస్తే, బాణంలా దూసుకుపోయి అది నీళ్లను తాకకముందే ముక్కున పట్టి తెచ్చేదట. కాశీలో కుర్రాళ్లు సైగ చేస్తే, తోవన పోయే పడుచు నుదుటి మీది బొట్టుబిళ్ల లాక్కొచ్చి ఇచ్చేదట. అక్బరు కాలంలోనూ ఈ పిట్ట తెలివి గురించి అబుల్ ఫజల్ రాశాడు. ఆకు అంచున గాటు పెట్టి పోగు లాగే ముక్కుకు బొట్టుబిళ్ల ఒక లెక్కా? ఇప్పుడు పట్టి పంజరంలో పెడితే నేరం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది.

రైతుకు దీని మీద వేరే లెక్క ఉంది. నేను కూర్చున్న చోటికి పక్క చేను బాబాయి ఒకాయన పలుగు భుజాన వేసుకుని వచ్చేవాడు.

"ఏంటి మేస్టారూ, ఇయ్యాల ఎన్ని కాపరాలు పెట్టించారు?"

"రెండు కుదిరాయి బాబాయ్. మీ నారుమడే కదా సరుకంతా, మీకు కోపం లేదా?"

"ఆకు అట్టుకెళ్తే ఏం పోద్దండి, మళ్లీ వత్తాది. కంకి పాలు పట్టాక వత్తాయి సూడండి, అప్పుడు చెప్పండి నాకు ఆటి అందం గురించి."

ఆ మాట నిజమే. పిల్లలు ఎగిరాక ఇవి వందల్లో గుంపులు కట్టి చేల మీద పడతాయి. వరి, జొన్న, సజ్జ, ఏ గింజైనా సరే. రాయలసీమలో, తెలంగాణలో జొన్నచేల మీద మంచె వేసి, వడిసెల తిప్పుతూ, డబ్బా కొడుతూ పొద్దస్తమానం కాపలా కాసిన పిల్లలు ఇప్పుడు తాతలై ఉంటారు. వాళ్లు కాసింది ఈ పిట్టలనూ, వీటి చుట్టాలనూ. అయితే పిల్లలను పెంచేటప్పుడు తల్లిపిట్ట మేపేది ఎక్కువగా పురుగులే. ఒక్క మధ్యాహ్నం నేను లెక్కపెడితే ఒకే గొట్టంలోకి మిడత పిల్లలు, గొంగళ్లు నలభైసార్లకు పైగా వెళ్లాయి. ఆ పురుగులన్నీ బాబాయి చేలోవే. చెబితే తల ఊపాడు గాని లెక్కలోకి తీసుకున్నట్టు లేదు.

చుట్టాలంటే గుర్తొచ్చింది. గిజిగాడి కుటుంబంలో వందకు పైగా జాతులున్నాయి, వాటిలో చాలా భాగం ఆఫ్రికాలోనివే. మన దేశంలో నాలుగే. రొమ్ము మీద నల్లగీతలుండేది ఒకటి మన చెరువుల్లో జమ్ములో గూళ్లు కడుతుంది. ఫిన్ గిజిగాడు అని హిమాలయాల పాదాల దగ్గర తరాయిలో ఉండేది ఇప్పుడు అంతరించే దశకు వచ్చింది. ఆఫ్రికాలో ఊళ్ల మధ్య ఉండే ఒక రకం మీద కొలియాస్ అనే పరిశోధక దంపతులు ఏళ్ల తరబడి పని చేశారు. కుర్ర పిట్టలకు ఈ విద్య పుట్టుకతో పూర్తిగా రాదని, మొదట్లో చేతకాని ముడులు వేసి, ఊడగొట్టుకుని, మళ్లీ వేసి నేర్చుకుంటాయని చూపించారు. మన తుమ్మ మీద కూడా అంచు కొమ్మలకు వలయం దాకా కూడా రాని గడ్డి చిక్కులు కొన్ని కనిపించేవి. కోతి చేతి జడలా ఉండేవి. అవి ఎవరివో ఇప్పుడు ఊహించగలను.

కోతి అంటే పంచతంత్రం కథ గుర్తురాకుండా ఉండదు. వానలో తడుస్తున్న కోతికి గూట్లోంచి పిట్ట హితవు చెబుతుంది, చేతులుండీ ఇల్లు కట్టుకోలేవా అని. కోతికి ఒళ్లు మండి గూడు పీకి పారేస్తుంది. ఆ పిట్ట గిజిగాడే అని మనవాళ్ల నమ్మకం. అదే అయితే, అంత వానలో గూట్లో కూర్చుని మాట్లాడినది తల్లిపిట్ట అయి ఉండాలి. తండ్రి ఏ పక్క కొమ్మ మీదో ముడి వేస్తూ ఉంటాడు.

మా ఊరికి పడమటగా మెట్ట ప్రాంతానికి వెళితే ఒకప్పుడు ప్రతి పొలంలోనూ దిగుడుబావి ఉండేది, బావి మీదికి ఈతచెట్టో తుమ్మో వంగి ఉండేది. బోర్లు వచ్చాయి, బావులు ఎండాయి, పూడ్చి చదును చేశారు. గట్ల మీది తాళ్లు, ఈతలు ఇళ్ల ప్లాట్లకు అడ్డమై పోయాయి. గిజిగాళ్లు కరెంటు తీగలకు కట్టుకోవడం మొదలుపెట్టాయి. తీగ కింద నీళ్లుండవు, ముళ్లుండవు, తూర్పూ పడమరా ఒకటే. స్థలం చూసే ఒప్పుకునే ఆడపిట్ట అక్కడ ఏం చూసి ఒప్పుకుంటుందో మరి. ఒప్పుకుంటోంది గనుకే తీగల మీద గొట్టాలు కనిపిస్తున్నాయి.

మూడో ఏడు చిత్త కార్తెలో, దసరా సెలవులకు మనవరాలు వచ్చినప్పుడు, ఇద్దరం కలిసి పాడునూతి మీది గూళ్లు లెక్కపెట్టాం. ఇరవై మూడు. గొట్టం ఉన్నవి పద్నాలుగు, లేనివి తొమ్మిది. పిల్లలన్నీ ఎగిరిపోయాయి, పోగులు పచ్చదనం పోయి గడ్డి రంగుకు తిరిగాయి. చెట్టంతా నిశ్శబ్దంగా ఉంది. నూతి మధ్యకు వేలాడుతున్న ఒక గొట్టంలోంచి జీనువాయి ఒకటి తల బయటపెట్టి మమ్మల్ని చూసి లోపలికి పోయింది. ఖాళీ చేసిన ఇంట్లో అద్దెకు దిగడం దాని అలవాటు, ఎవరినీ అడగదు.

కోత కోసిన పక్క మడిలో పిట్టలు గింజలు ఏరుకుంటున్నాయి, ఒక వందో నూటయాభయ్యో. మగవాటికి పసుపు దిగిపోయింది, మొహం మీది మసి పోయింది. అన్నీ ఒకే మట్టి రంగు. వీటిలో ఆ తొంభై మార్కుల గూడు కట్టినవాడు ఎవడు తాతయ్యా అని అడిగింది. బైనాక్యులర్స్ దాని చేతికే ఇచ్చాను. చాలాసేపు వెతికింది.